గురువుగారి నాలుక

వైన్ పుల్లగా వచ్చింది.

నేలమాళిగలో పీపా ముందు నిలబడి, కిలియన్ గ్లాసులో మిగిలింది పారబోసి మళ్ళీ పట్టాడు. మళ్ళీ నోట్లో పోసుకున్నాడు. అదే పులుపు. పళ్ళు పులిసిపోయేంత పులుపు. తీపి అన్నది నాలుక కొసన కూడా తగల్లేదు.

అతను జర్మనీలో ఓ నది ఒడ్డున ఉన్న పాత మఠంలో సన్యాసి. ఇంకా ముప్ఫై నిండలేదు. ఆ మఠానికి నది మీదికి ఒరిగినట్టుండే ఒక కొండవాలు ఉంది. అక్కడ మట్టి కన్నా పలకరాయి ఎక్కువ. పిల్లలు బళ్ళో రాసుకునే పలకలాంటి నల్లరాయే, ముక్కలు ముక్కలుగా పరుచుకుని ఉంటుంది. ఆ ముక్కల సందుల్లోంచే రీస్లింగ్ ద్రాక్ష తీగలు లేస్తాయి. పగలు తాగిన ఎండని ఆ రాయి పొద్దుపోయాక తీగలకి వదులుతుంది. గట్టి వాన పడితే రాళ్ళు జారి కిందికొస్తాయి. వాటిని బుట్టలకెత్తి, వీపున వేసుకుని, మళ్ళీ పైకి మోయాలి. కోతలప్పుడు కొందరు నడుముకి తాడు కట్టుకునేవాళ్ళు, అంత నిటారు.

ఆ తోటనీ, ఈ నేలమాళిగనీ ఫాదర్ వెండెలిన్ చూసుకునేవారు. ఆ వాలు మీది తీగల్లో సగం ఆయన వయసులో ఉండగా నాటినవే. కిలియన్ ఆయన శిష్యుడు.

కొన్నేళ్ళ కిందట ఒక చలికాలంలో ఫాదర్ వెండెలిన్‌కి పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ, దానితో పోయిన రుచీ వాసనా తిరిగి రాలేదు. రొట్టె తిన్నా, ఉల్లిపాయ కొరికినా ఆయనకి ఒకటే. వైన్ నోట్లో పోసుకుంటే చల్లగా ఉన్న సంగతి తెలిసేది. అంతకు మించి ఏమీ లేదు.

మంచం దిగిన రోజే ఆయన మఠాధిపతి దగ్గరికి వెళ్ళి నేలమాళిగ తాళాలు బల్ల మీద పెట్టేశారు. మఠాధిపతి ఆ తాళాలు మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టి, "మీ చేతులున్నాయి. కిలియన్ నాలుక ఉంది. కానివ్వండి," అన్నారు.

ఆ మాట కిలియన్ చాలామందికి చెప్పుకున్నాడు.

అప్పట్నుంచి గురుశిష్యులిద్దరూ కలిసే రుచి చూసేవారు. ఫాదర్ వెండెలిన్ ఒక గుక్క నోట్లో ఉంచుకుని కిలియన్ ముఖంలోకి చూసేవారు. కిలియన్ తన గుక్క తాగి ఎలా ఉందో చెప్పేవాడు. పచ్చి ఆపిల్‌లా ఉందనో, నిమ్మతొక్కలా ఉందనో, ఇంకా గరుగ్గా ఉంది, కొన్నాళ్ళు ఆగాలనో. అతను చెప్పేది వింటూ ఆయన నెమ్మదిగా మింగేవారు.

ఈ పీపాలోని పంటకి కోత రోజు నిర్ణయించమని ఆయన కిలియన్‌కే వదిలేశారు. రీస్లింగ్ ఆలస్యంగా పండుతుంది. చుట్టుపక్కల తోటల్లో కోతలయిపోయి, గంపలు కడిగి బోర్లించాక కూడా ఈ వాలు మీద పళ్ళు అలాగే ఉంటాయి. పొద్దున్నే నది మీంచి లేచే పొగమంచులో నానుతూ, మధ్యాహ్నపు ఎండకి ఆరుతూ. వానొస్తే కుళ్ళిపోతాయి. ముందే కోస్తే పుల్లగా ఉండిపోతాయి. ఈ రెండిటి మధ్యా ఓర్చుకుని నిలబడడమే పని.

కిలియన్ నిలబడలేకపోయాడు. ఒక సాయంత్రం పడమటి దిక్కున మబ్బు పట్టేసరికి, తెల్లవారగానే అందరినీ పిలిచి కోయించేశాడు. ఆ వాన రాలేదు. ఆ తర్వాత ఎన్నో రోజులు నిఖార్సయిన ఎండ కాసింది. ఖాళీ అయిపోయిన తీగల మీద ఆ ఎండ కాస్తూంటే, భోజనశాల కిటికీలోంచి చూడలేక కిలియన్ అటువైపు వీపు పెట్టి కూర్చునేవాడు.

రసం పిండి పీపాలో పోశారు. చల్లటి నేలమాళిగలో అది చలికాలమంతా బుసబుసమని పులిసింది. కొన్ని మఠాల్లో సగంలో ఆ పులియడం ఆపేసి కాస్త తీపి మిగుల్చుకునేవారు. ఫాదర్ వెండెలిన్ ఎప్పుడూ ఆపనివ్వలేదు. "దాని ఆకలి తీరేదాకా తిననివ్వాలి," అనేవారు. అలా పులుస్తూ రసంలోని తీపంతా తినేశాక, వసంతం వచ్చేసరికి పీపా చప్పుడు లేకుండా ఊరుకుంటుంది. అప్పుడు మిగిలేది పండు పులుపూ, ఆ కొండా.

మామూలు ఏడయితే ఆ పులుపుకి తోడు పండిన పండు నిండుదనం కూడా ఉండేది. ఈసారి పులుపొక్కటే ముందుకొచ్చి నిలబడింది.

అసలు భయం అది కాదు. అంతకు ముందు ఏడు, వసంతం చివర వచ్చే పెంతెకోస్తు పండక్కి వచ్చిన అతిథుల్లో కొందరు ఒక గుక్క తాగి మంచినీళ్ళు అడిగారు. మఠాధిపతికి అది చిన్నతనమయింది. "ఈ పుల్లటి వైన్ కోసం మన బ్రదర్లు మోకాళ్ళు అరిగేలా రాళ్ళు మోస్తున్నారు. వచ్చే పండక్కీ ఇంతే అయితే ఆ తీగలు పీకించేస్తాను. త్వరగా పండే తియ్యటి రకం ఏదైనా వేసుకుందాం," అన్నారు. ఆ మాటకి ఫాదర్ వెండెలిన్ తల మాత్రం వంచారు.

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. ఫాదర్ వెండెలిన్ గోడ పట్టుకుని దిగుతూ వచ్చి, గ్లాసు అందుకుని, ఒక గుక్క నోట్లో పోసుకుని కిలియన్ వైపు చూశారు.

కిలియన్ ఆయన కళ్ళలోకి చూడలేక పీపా వైపు చూశాడు.

"బాగుంది ఫాదర్," అన్నాడు. "చివర్లో కాస్త తీపి కూడా ఉంది."

ఆయన మింగారు. "తీపా?"

"కొంచెమే."

"మన వాలు మీద పండినదానికి చివర తీపి మిగలడం నేనెప్పుడూ చూడలేదు," అన్నారు ఆయన ఆశ్చర్యంగా. తర్వాత నవ్వారు. "సరే నాయనా. నీ నోరు చెప్పిందంటే ఉన్నట్టే."

ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయారు. నోరు జారింది. ఇక ఆ మాటని నిజం చెయ్యాలి.

మర్నాడు మధ్యాహ్నం అందరూ ప్రార్థనలో ఉండగా కిలియన్ వంటింట్లోకి వెళ్ళాడు. వంట చూసే బ్రదర్ లుట్విన్ ఏటా కోతలప్పుడు కొంత ద్రాక్షరసం కాచి, చిక్కటి పాకంగా చేసి, రొట్టెల్లోకి జాడీల్లో దాచేవాడు. కిలియన్ వాటిలో కొన్ని అంగీ మాటున దాచుకుని తెచ్చి పీపాలో ఒంపాడు. పొడుగాటి కర్రతో చాలాసేపు కలిపాడు. రుచి చూశాడు. ఇంకో జాడీ తెచ్చాడు. పులుపు వెనక్కి తగ్గి, పైన మెత్తటి తీపి పరుచుకుంది. ఇప్పుడు తను చెప్పింది అబద్ధం కాదు అనుకున్నాడు. కర్ర కడిగి ఎండలో పెట్టాడు.

ఆ వారం బ్రదర్ లుట్విన్ వంటింటి అరలన్నీ వెతికాడు. "పాకం ఇంత ఉండాలే! ఎప్పుడు వాడేశాను? నాకు మతి పోతోంది కిలియన్. ముసలాణ్ణయిపోయాను," అన్నాడు భోజనం వడ్డిస్తూ. కిలియన్ రొట్టె తుంచుకుంటూ ఉండిపోయాడు.

పెంతెకోస్తు పండగ వచ్చింది. అతిథులు తాగారు. మళ్ళీ పోయమన్నారు. బిషప్ గారి తరఫున వచ్చిన పెద్దమనిషి గ్లాసు వెలుతురుకి ఎత్తిపట్టి చూసి, "రాళ్ళలోంచి ఇంత మెత్తటిది ఎలా తీశారు?" అని అడిగాడు. మఠాధిపతి ముఖం వెలిగిపోయింది. ఆ తోట జోలికి ఎవరూ రారని అందరి ముందూ చెప్పేశారు.

అప్పుడు ఫాదర్ వెండెలిన్ బల్ల పట్టుకుని లేచారు.

"నాకు రుచి తెలియదన్న సంగతి మీలో చాలామందికి తెలుసు," అన్నారు. "ఈ వైన్ నాది కాదు. కోత రోజు చూసింది కిలియన్. పీపా కనిపెట్టుకుని ఉన్నదీ కిలియనే. ఇది ఎలా ఉందో కూడా నాకు అతను చెప్పబట్టే తెలుసు. మెచ్చుకోవాలంటే అతన్ని మెచ్చుకోండి."

అందరూ చప్పట్లు కొట్టారు. కిలియన్ తల పైకెత్తలేదు. ఎంత వినయం, అనుకున్నారు పక్కవాళ్ళు.

ఎండలు ముదిరాయి. ఒక పొద్దున ఫాదర్ వెండెలిన్ నేలమాళిగ లోంచి కిలియన్‌ని పిలిచారు. అతను వెళ్ళేసరికి ఆయన పీపా కట్టెకి చెవి ఆనించి నిలబడి ఉన్నారు.

"విను," అన్నారు.

కిలియన్ చెవి పెట్టాడు. లోపల బుసబుసమంటోంది. ఊరుకున్న వైన్ మళ్ళీ పులుస్తోంది.

"చలికాలంలోనే అంతా తినేసింది కదా," అన్నారు ఫాదర్ వెండెలిన్. "మళ్ళీ దానికి తినడానికేదో దొరికింది."

ఆయన గొంతులో కోపం లేదు. అడుగుతున్నట్టూ లేదు. పీపా పగలకుండా పైమూత కొంచెం వదులు చేశారు. లోపలి గాలి సర్రుమని బయటికొచ్చింది. ఆయన ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, జబ్బుమనిషి చెయ్యి పట్టుకున్నట్టు పీపా మీద అరచెయ్యి వేశారు.

"చూసి చెప్పు నాయనా, ఎలా ఉంది?"

కిలియన్ గ్లాసు పట్టాడు. వైన్ మురిగ్గా ఉంది. నోట్లో పోసుకుంటే పాచిపోయిన పిండి వాసన. తీపి విరిగిపోయింది, పులుపు విరిగిపోయింది. రెండూ కలిసి నాలుక మీద జిగటగా అంటుకున్నాయి. ఇప్పుడు చెప్పొచ్చు అనుకున్నాడు. ఇప్పుడు చెప్పడం తేలిక. ఇక్కడ ఇద్దరమే ఉన్నాం.

"బాగానే ఉంది ఫాదర్," అంది నోరు.

"అయితే నాకు నిండా పొయ్యి."

కిలియన్ పోశాడు. ఫాదర్ వెండెలిన్ ఆ గ్లాసు ఎత్తి, అడుగు కనిపించేదాకా తాగి, మూతి తుడుచుకుని, "దేవుడు మేలు చేశాడు," అని లేచి వెళ్ళారు.

మర్నాడూ ఆయన దిగి వచ్చారు. ఎలా ఉందని అడిగారు. బాగుందన్నాడు కిలియన్. ఆయన నిండు గ్లాసు తాగారు. ఆ మర్నాడూ అంతే. వైన్ రోజురోజుకీ పాడవుతోంది. కిలియన్ ఒక గుక్క మింగలేక మూల తొట్టిలో ఉమ్మేసి వచ్చి, బాగుంది అనేవాడు. పెద్దాయన అడుగంటేదాకా తాగేవారు. ఓ మధ్యాహ్నం ఆయన ప్రార్థన మధ్యలో పొట్ట పట్టుకుని బయటికి వెళ్ళడం కిలియన్ చూశాడు. తిరిగి వచ్చినప్పుడు పెదవులు పాలిపోయి ఉన్నాయి. కిలియన్‌ని చూసి ఎప్పటిలాగే చిన్నగా తలాడించారు.

ఆ మరుసటి రోజు ఆయన మెట్లు దిగడానికి ఎప్పటికన్నా ఎక్కువసేపు పట్టింది. పీట మీద కూర్చుని ఆయాసం తీర్చుకున్నారు.

"ఎలా ఉంది నాయనా?"

"బాగుంది," అన్నాడు కిలియన్. ఆ మాట ఎంత చిన్నగా వచ్చిందంటే అతనికే వినపడలేదు.

ఫాదర్ వెండెలిన్ గ్లాసు అందుకుని పెదవుల దాకా తెచ్చారు. కిలియన్ చెయ్యి చాచి ఆ గ్లాసు మూతి మూసేశాడు. అతని వేళ్ళ మీంచి వైన్ తొణికి పెద్దాయన ఒళ్ళో పడింది.

"వద్దు ఫాదర్."

"ఏం?"

"బాలేదు. పాడైపోయింది. మొదట్నుంచీ... నేను..." అతను గ్లాసు మీంచి చెయ్యి తియ్యలేదు.

ఫాదర్ వెండెలిన్ గ్లాసు వదిలేశారు. తడిసిన ఒడి దులుపుకున్నారు.

కిలియన్ రాతి నేల మీద మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ముందే కోయించడం, తీపి ఉందని చెప్పడం, పాకం జాడీలు, బ్రదర్ లుట్విన్ తన మతిపోయిందని బాధపడడం, అన్నీ చెప్పాడు.

"మీకు తెలుసా ఫాదర్?" అని అడిగాడు చివరికి.

"పీపా చెప్పింది."

"తెలిసి కూడా ఎందుకు తాగారు?"

"బాగుందన్నావు కదా," అన్నారు ఫాదర్ వెండెలిన్. "నాకున్నది నీ నాలుక ఒక్కటే. నమ్మక ఏం చెయ్యను?"

కిలియన్ రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు. ఆయన అతని భుజం మీద చెయ్యి వేసి, దాన్ని ఊతగా పట్టుకుని లేచి, మెల్లగా మెట్లెక్కారు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర, అందరూ కూర్చున్నాక, కిలియన్ నిలబడి మళ్ళీ అంతా చెప్పాడు. మొదట ఎవరో నవ్వారు, పరాచికం అనుకుని. తర్వాత ఎవరూ నవ్వలేదు. బ్రదర్ లుట్విన్ చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయి, "అయితే నాకు మతి పోలేదన్నమాట," అన్నాడు మెల్లగా. అతను తిట్టి ఉంటే బాగుండుననిపించింది కిలియన్‌కి.

మఠాధిపతి చేతిలోని రొట్టె పక్కన పెట్టేశారు.

"అతిథులకి ఏం పోశామో కూడా నాకు తెలియదన్నమాట," అన్నారు. "కల్తీ లేనిది ఏమైనా మిగిలిందా?"

మిగిలింది. అదే కోతలో ఆఖర్న పిండిన కొద్దిపాటి రసాన్ని ఒక చిన్న పీపాలో విడిగా పోశారు. దాన్ని కిలియన్ ముట్టుకోలేదు. అందులోంచి తెచ్చి ఇచ్చారు. మఠాధిపతి ఒక గుక్క తాగి, కళ్ళు చికిలించి, గ్లాసు బల్ల మీద పెట్టేశారు.

"ఇదే ఆ రోజు ముందు పెట్టి, ఇది మా కొండ, ఇలాగే ఉంటుంది అని ఉంటే, అతిథులతో నేనే ఏదో చెప్పుకునేవాణ్ణి," అన్నారు. "ఇప్పుడు ఆ వాలు మీంచి వచ్చే ఏ మాటా నేను నమ్మలేను. కింది సగం తీగలు పీకించెయ్యండి. పై సగం సంగతి తర్వాత చూద్దాం."

ఫాదర్ వెండెలిన్ తల వంచారు.

కింది సగమే ఆయన వయసులో నాటింది.

పాడైన వైన్‌ని కిలియన్ బిందెలతో మోసి వాగులో పారబోశాడు. ఆకులు రాలాక తీగలు పీకడం మొదలయింది. కూలివాళ్ళని పిలవొద్దని, తనొక్కణ్ణే చేస్తానని అతను అడిగి ఒప్పించుకున్నాడు. మొదటి రోజు గునపం పట్టుకుని వాలు మీదికి వెళ్ళేసరికి, ఫాదర్ వెండెలిన్ అప్పటికే అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని ఒక మొదలు చుట్టూ రాళ్ళు తీస్తున్నారు.

"మీరెందుకు ఫాదర్? నేను చేస్తాను."

"వేళ్ళు ఎంత లోతుకి పోయాయో నీకు తెలియదు," అన్నారాయన. "అటు పట్టుకో."

ఆ చలికాలం వచ్చేదాకా ఇద్దరూ పక్కపక్కనే పీకారు. రాతి పగుళ్ళలోకి దిగిన వేళ్ళు మనిషి నిలువు కన్నా పొడుగ్గా వచ్చేవి. ఒక్కో మొదలూ ఊడి వచ్చినప్పుడు పెద్దాయన దాని మీది మట్టి చేత్తో దులిపి పక్కన పెట్టేవారు. ఆయన కళ్ళు తడిశాయో, గాలికి నీరు కారాయో చూసే ధైర్యం కిలియన్‌కి లేకపోయింది. ఆయన తిట్టలేదు. ఓదార్చనూ లేదు. దాహమైనప్పుడు నీళ్ళ ముంత ముందు కిలియన్‌కే ఇచ్చేవారు. అది అందుకోవడమే అతనికి అన్నిటికన్నా కష్టంగా ఉండేది.

తర్వాత కిలియన్ నేలమాళిగలో అడుగుపెట్టలేదు. పై సగానికి రాళ్ళు మోసేవాడు. ఎవరైనా వైన్ సంగతి ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. రెండు కోతలు అలాగే గడిచాయి. నేలమాళిగలో ఇంకో బ్రదర్ సాయం చేస్తున్నాడు. ఫాదర్ వెండెలిన్ నడక బాగా తగ్గింది.

ఒక సాయంత్రం ఆయన కబురు పంపారు. కిలియన్ నేలమాళిగ మెట్ల పైన చాలాసేపు నిలబడి, చివరికి దిగాడు. ఆయన పీట మీద కూర్చుని ఉన్నారు. పక్కన ఆ చిన్న పీపా, రెండు గ్లాసులు.

"పొయ్యి," అన్నారు.

కిలియన్ పోశాడు. ఫాదర్ వెండెలిన్ ఒక గుక్క నోట్లోకి తీసుకుని, మింగకుండా, అతని ముఖంలోకి చూశారు.

కిలియన్ తన గుక్క తాగాడు. మళ్ళీ తాగాడు.

"పుల్లగా ఉంది ఫాదర్," అన్నాడు. "ముందు పులుపే తగులుతుంది. నిమ్మకాయ కోస్తే కంట్లో చిమ్మినట్టు ఉంది. పళ్ళు జివ్వుమంటున్నాయి. ఇది నేను తొందరపడి కోయించిన పులుపు. ఇంకొన్నాళ్ళు ఎండ తగిలి ఉంటే ఇంత ఉండేది కాదు."

ఆయన చూస్తూనే ఉన్నారు.

"తీపి లేదు. ఎక్కడా లేదు." కిలియన్ కళ్ళు మూసుకున్నాడు. "పులుపు దాటాక... పచ్చి ఆపిల్ తొక్క. తర్వాత రాయి. పలక మీద తడిగుడ్డ వేసి తుడిస్తే వస్తుందే, ఆ వాసన. కొసన కాస్త ఉప్పదనం. మింగాక నోరు శుభ్రంగా కడిగినట్టయి మళ్ళీ నీళ్ళూరుతున్నాయి. ఇంకేమీ లేదు ఫాదర్. గొప్ప వైన్ కాదు. మన కొండదే."

ఫాదర్ వెండెలిన్ నెమ్మదిగా మింగారు. ఒక్క క్షణం కదలకుండా కూర్చున్నారు. అప్పుడు ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. బుగ్గలు లోపలికి పోయాయి. ఒక కన్ను దానంతటదే మూసుకుపోయింది.

"అబ్బా, ఎంత పులుపు!" అన్నారు.

గ్లాసు మళ్ళీ ముందుకు చాచారు.